పెదనాన్న జపాన్ నుంచి తెచ్చిన రేసింగ్ సైకిల్: పార్టులు విడగొట్టి అమ్మేయాలా, ఉంచాలా?

కంచరపాలెం కుర్రోడు:

నమస్తే అందరికీ. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోవడమే, రాయడం ఇదే మొదలు. విషయం ఏంటంటే మా పెదనాన్న షిప్పుల్లో చేసేవారు, మన ఔటర్ హార్బర్‌లో ఐరన్ ఓర్ నింపుకుని జపాన్ వెళ్ళే వాటిల్లో. అలా ఒక ట్రిప్పులో 1979లో ఒసాకా నుంచి గేర్ల సైకిల్ తెచ్చారని ఇంట్లో ఒక కథ ఉండేది, పిల్లలం మేమెవరం నమ్మలేదు, ఆయన చెప్పే తిమింగలాల కథల్లో ఇదొకటి అనుకున్నాం. పోయిన నెల పాత ఇల్లు రిపేరు చేయిస్తూ అటక ఖాళీ చేయిస్తుంటే గోనెసంచులు చుట్టి, కొబ్బరితాడుతో కట్టి, నిజంగానే సైకిల్ దొరికింది. హుద్‌హుద్‌కి ఆ ఇంటి పెంకులు సగం లేచిపోయాయి, నీళ్ళు ఎన్ని కారాయో ఏమో, అయినా మరీ నేను భయపడినంత లేదు.

ఫ్రేము మీద పేరు చెరిగిపోయింది, తుప్పు పొక్కులు ఉన్నాయి. రిమ్ముల మీద అరాయా అని, హ్యాండిల్ మీద నిట్టో అని ఉంది. క్రాంకు (పెడళ్ళు తగిలించే చేతులు), బ్రేకులు, ముందూ వెనకా గేర్లు మార్చేవి, అన్నిటి మీదా షిమానో 600 అని రాసుంది, తమాషా ఏంటంటే ప్రతి ముక్క మీదా పెళ్ళి శుభలేఖ అంచుల్లో ఉంటాయి చూడండి అలాంటి తీగల డిజైన్ చెక్కి ఉంది. సైకిల్ పార్టు మీద ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు. ముందు పళ్ళ చక్రాలు రెండు, 52, 42, కూర్చుని లెక్కపెట్టాను. వెనక ఫ్రీవీల్ 5 చక్రాలది, దాని మీద మాత్రం సన్‌టూర్ అని ఉంది.

ఊరికే ఫొటోలు పెడితే బెంగుళూరు నుంచి ఒకాయన మెసేజ్ చేశాడు, ఫ్రేము నువ్వే ఉంచుకో పార్టులు చాలు 8 వేలు ఇస్తా, కొరియర్ చెయ్యి అని. మా వీధిలో పాత సామాన్లబ్బాయి సైకిల్ మొత్తానికి 600 అన్నాడు, షిమానో 600 కదా అందుకే కాబోలు.

ఇవి నిజంగా అంత మంచి పార్టులా లేక పాతవి కాబట్టి రేటా? 8 వేలు న్యాయమేనా? ఇంకోటి, సీటు కడ్డీ అస్సలు కదలట్లేదు, సుత్తితో కూడా కొట్టాను. పెద్దమ్మ చింతపండు పెట్టి అంతా తోమేద్దాం తళతళ్ళాడుద్ది అంటోంది, తోమించెయ్యనా?

...

పాత ఇనుము:

ముందు ఆ చింతపండు ఆపించు బాబూ, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. అది ఇత్తడి చెంబు కాదు. అల్యూమినియం మీద ఎనోడైజింగ్ అని పల్చటి పొర ఉంటుంది, ఆ పట్టులాంటి మెరుపు దానిదే, పులుపు పెట్టి పీచుతో రుద్దితే పొర మసకబారిపోద్ది, ఒకసారి పోతే మళ్ళీ రాదు. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్షు, అంతే. సుత్తి కూడా పక్కన పెట్టెయ్.

ఇక నీకు దొరికిందేంటో చెప్తాను. ఆ తీగల చెక్కడం ఉన్న సెట్టుని సేకరించేవాళ్ళు అరబెస్క్ అని పిలుస్తారు, షిమానో 600 లో 70ల చివర నుంచి 80ల మొదటి వరకూ వచ్చిన రకం. దాని పైన షిమానో వాళ్ళదే డ్యూరా ఏస్ అనే సెట్టు ఉండేది, అది 1973 నుంచి ఉంది, రేసర్లది. 600 అంటే దానికి ఒక మెట్టు కింద, డబ్బు పెట్టగల మామూలు మనిషి కొనుక్కునే మంచి సరుకు. మీ పెదనాన్న ఒసాకాలో దిగారన్నావు కదా, ఈ పార్టులు చేసిన షిమానో కంపెనీ పుట్టిన సకాయ్ ఊరు దాన్ని ఆనుకునే ఉంటుంది. కత్తులకీ తుపాకులకీ పేరున్న ఊరు, ఇనుము పని తెలిసిన చేతులు తరవాత సైకిల్ సామాన్ల మీద పడ్డాయి. షిమానో 1921 లో మొదలుపెట్టింది కూడా ఫ్రీవీలుతోనే. అంటే మన ఐరన్ ఓర్ అటెళ్ళింది, క్రాంకు ఇటొచ్చింది, లెక్క సరిపోయింది.

మంచివా అంటే మంచివే. ఆ క్రాంకు పోత పోసింది కాదు, ఫోర్జింగ్ చేసింది, సాగగొట్టి చేసిన లోహం. పళ్ళ చక్రాలు బిగించే 5 బోల్టుల వలయం 130 మిల్లీమీటర్లు, ఆ కొలత రోడ్ సైకిళ్ళలో ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు నడిచింది కాబట్టి 42 అరిగిపోయినా ఇప్పటికీ కొత్తది తెచ్చి బిగించుకోవచ్చు. పాత ఫ్రెంచి క్రాంకులకి ఈ సుఖం లేదు, వాటికి పుల్లర్, అంటే క్రాంకుని ఇరుసు మీంచి ఊడలాగే పనిముట్టు, అది కూడా వేరే సైజు, టీఏ అనే ఫ్రెంచి కంపెనీది 23 మిల్లీమీటర్లు, మామూలుది 22. తెలీక 22 మరతో 23 దాన్ని లాగబోయి మర మొత్తం నా చేతులతో నేనే కొరిగేశాను ఒకసారి, ఇంకా బల్ల మీద పేపర్‌వెయిట్‌గా ఉంది.

కానీ మంచి పార్టు వేరు, రేటు పలికే పార్టు వేరు, ఇక్కడే అందరూ తప్పులో కాలేస్తారు. ఇటలీ కంపెనీ కాంపాన్యోలో వాళ్ళ డెల్టా బ్రేకులు తీసుకో, 1985లో వచ్చాయి, మొదటి బ్యాచ్ వెనక్కి పిలిపించుకున్నారు, తర్వాతవి కూడా బరువెక్కువ, సర్దాలంటే మూడున్నర మిల్లీమీటర్ల ఎలెన్ కీ కావాలి, అది మామూలు సెట్లో ఉండదు. బ్రేకుగా చూస్తే మామూలు రెండు చేతుల బ్రేకే నయం. అయినా చూడ్డానికి గుళ్ళో పెట్టుకోవాలనిపించేలా ఉంటాయి కాబట్టి సేకరించేవాళ్ళు వాటికోసం కొట్టుకు చస్తారు. ఫ్రాన్సు వాళ్ళ హ్యూరే జూబిలీ కూడా అంతే, అది వెనక గేరు, 140 గ్రాములు ఉంటుందేమో, అరచేతిలో పెట్టుకుంటే పిచ్చుక పిల్లలా ఉంటుంది, నలుగురూ ఆశపడతారు, రోజూ తొక్కే బండికి మాత్రం నేను పెట్టను. సింప్లెక్స్ వాళ్ళ ప్లాస్టిక్‌వి డెల్రిన్ అనే రకంతో చేసేవారు, ఏళ్ళు గడిచేకొద్దీ పగుళ్ళు వచ్చి విరుగుతాయి, అందుకే పగలనిది కనిపిస్తే దాచుకుంటారు. మరి జపాన్‌లోనే ఇంకో కంపెనీ, సన్‌టూర్ వాళ్ళ మామూలు వెనక గేర్లు ఆ రోజుల్లో అందరికన్నా బాగా పనిచేసేవి, అవి మాత్రం కొబ్బరిబొండాం రేటుకి దొరుకుతాయి, ఎందుకంటే లక్షల్లో చేశారు.

నీ అరబెస్క్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అరుదేం కాదు, కానీ అందం ఉంది, అన్నీ ఒకే సెట్టువి అయితే విలువ ఇంకాస్త. ఎలా చూస్తారంటే ముందు క్రాంకు చేతుల మీద మడమ రాసుకున్న గీతలు చూస్తారు, అవి ఎంత తక్కువుంటే అంత మంచిది, తర్వాత పళ్ళు, కొత్త పన్ను గుండ్రంగా ఉంటుంది, అరిగింది సొరచేప పన్నులా ఒక వైపుకి వంగుతుంది, కేబుల్ బిగించిన చోట నొక్కులు, బోల్టుల తలలు గుండ్రం అయిపోయాయా, పుల్లర్ మర బాగుందా, బ్రేకు పట్టుకునే చోట రబ్బరు బతికుందా. రబ్బరు దాదాపు ఎవరికీ బతకదు, మన ఉప్పుగాలికి అసలే బతకదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యం. క్రాంకు లోపలి వైపు, బ్రేకు చేతుల వెనక, వెనక గేరు లోపలి వైపు రెండు ఇంగ్లీషు అక్షరాలు చిన్నగా కొట్టి ఉంటాయి, టార్చి వేసి చూడు. మొదటి అక్షరం ఏడాది, రెండోది నెల. ఏ అంటే 1976, బీ అంటే 1977, అలా వరసగా. నెలకి ఏ జనవరి, ఎల్ డిసెంబరు. మీ ఇంటి కథ 1979 కదా, అయితే డీతో మొదలవ్వాలి. చూసి చెప్పు. అన్నీ చూసేదాకా ఒక్క బోల్టు విప్పకు, బెంగుళూరు ఆయనకి ఏమీ మాటివ్వకు.

...

బేరం బాబాయ్:

అంతా విన్నా గానీ సూటిగా చెప్తా తమ్ముడూ. 45 ఏళ్ళ ముక్కలు, ఇంట్లో ఎవడూ తొక్కడు, అటక మీద ఇంకో 20 ఏళ్ళు పెడితే ఏం వస్తుంది? 8 వేలు తీసుకో. ఇంకో వెయ్యి అడుగు, ఇస్తాడు. సెంటిమెంటుకి ఒక పెడల్ ఉంచుకో.

...

గ్రీజు చేతులు (అల్లిపురం):

బేరం బాబాయ్‌గారూ మీకేటి, రెండు లైన్లు రాసీసి ఎలిపోతారు, కొరియర్ చెయ్యాలంటే ముందు ఆ ముక్కలు ఊడాలి కదేటి, అదే అసలు కష్టం.

కుర్రోడా నాను 30 ఏళ్ళై షాపులో ఇదే పని. సీటు కడ్డీ అల్యూమినియం, ఫ్రేము ఇనుము, మజ్జిన ఉప్పుగాలి, రెండూ కరిసీసుకుంటాయి, తెల్లగా పిండిలాగ పూస్తాది సూడు అదే పట్టీసింది. చానామంది గేసు మంట పెడతారు, పెట్టకు. అల్యూమినియం ఇనుముకన్నా రెట్టింపు సాగుద్ది, ఏడి సేస్తే ఇంకా బిగుసుకుంటాది. సల్లబరచాలి. కడ్డీ మీద ఐసు ముక్కలు కట్టి ఉంచు, అప్పుడు కడ్డీ కుదించుకుంటాది. దానికన్నా ముందు సైకిల్ని తలకిందులు పెట్టి పెడళ్ళ ఇరుసు తీసీసి ఆ గొట్టంలోంచి అమ్మోనియా కొంచెం పోసి రాత్రంతా వదిలీ, ఆ తెల్ల పిండిని అది తినీద్ది. మేడ మీద బయట పెట్టు, గదిలో పెడితే కళ్ళు పోతాయి. మర్నాడు సీటు పట్టుకుని మెలితిప్పు, కొట్టకు. ఒక రోజులో రాలేదని విసిగిపోవద్దు, నాకొకటి 9 రోజులు పట్టింది.

క్రాంకు బోల్టుకి 14 పానా పడతాది, జపాన్‌వన్నీ 14, ఇటలీవి 15, ఫ్రెంచివి చానావరకు 16. కాటర్ పిన్నుల బండి లాగ పక్కనించి సుత్తితో కొట్టీకూడదు, పుల్లరుతోనే రావాల. పుల్లరు మర పూర్తిగా ఎక్కించాకే తిప్పు, రెండు చుట్లు ఎక్కించి తిప్పితే పైన పాత ఇనుముగారి పేపర్‌వెయిట్ నీకూ వస్తాది.

మరి ఇరుసు కప్పు గురించి, చైను వైపుది ఎడం మర, అంటే తిప్పేది ఎదురు. మన పాత బండ్లు తిప్పినోడికి తెలిసే ఉంటాది గానీ కొత్తోళ్ళు బిగించీసి లూజు చేసామనుకుంటారు.

అన్నిటికన్నా యెదవ పని సన్‌టూర్ ఫ్రీవీల్ తియ్యడం. దానికి 2 గంట్లే ఉంటాయి, రెండు ముక్కుల పానా పెట్టి తిప్పితే జారి గంట్లు తినీద్ది, ఆ తర్వాత ఫ్రీవీలు ముక్కలు చేసి తియ్యడమే. ఇరుసు నట్టుతో పానాని అదిమి పట్టీయాలి, అప్పుడు వైసులో పానాని పట్టి చక్రం మొత్తాన్ని తిప్పాలి, స్టీరింగు లాగ. టక్‌మని ఒక్క అంగుళం కదిలితే ఆగు, నట్టు వదులు చెయ్యి, మళ్ళీ తిప్పు. చేతకాకపోతే చక్రం అట్టుకుని షాపుకొచ్చీ, టీ డబ్బులిస్తే చాలు.

టైర్లు మాత్రం ముందే చెప్తన్నా, అరాయా రిమ్ముల్లో ఆ కాలంలో 27 ఇంచీలవి ఎక్కువ. బజార్లో 28 టైరు సరిపోద్ది అంటారు, సరిపోదు. 27 ది 630 మిల్లీమీటర్లు, మన పెద్ద బండి 28 ది 635, ఆ 5 మిల్లీమీటర్లకే ఊడి పడిపోతాది. ఇప్పటి 700 సీ రకం 622, అది 27 రిమ్ముకి ఎక్కనే ఎక్కదు.

...

విసెంజా భక్తుడు:

నమస్కారం, అందరూ జపాన్ భజన చేస్తున్నారు కాబట్టి ఒక మాట. కలెక్షన్ అంటే కాంపాన్యోలో, మిగతావి దాని తర్వాతే. 1933 నుంచి ఇటలీలోని విసెంజాలో ఒకే ఇంటి పేరు. 1972లో మెక్సికో సిటీలో బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు, ఆయన రోడ్డు మీద గెలిచిన రోజుల గేర్లేంటో మీరే చూసుకోండి. నా దగ్గరున్న కాంపాన్యోలో నువోవో రికార్డ్ రకం వెనక గేరు పై పలక మీద పేటెంట్ 78 అని కొట్టి ఉంది, అంటే ఏడాది కనుక్కోవడానికి రహస్య అక్షరాలు అక్కర్లేదు, మొహం మీదే రాసుకుంది. ప్రతి చిన్న బోల్టు, ప్రతి స్ప్రింగు విడిగా అమ్మేవారు, అందుకే నేటికీ విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించగలుగుతున్నాం. హబ్బు చేత్తో తిప్పి వదిలితే నేను కాఫీ తాగి వచ్చేదాకా తిరుగుతుంది (సరే, సగం కాఫీ). అరబెస్క్ అందంగా ఉంటుంది కాదనను, కానీ ఎవడూ అలమరలో పెట్టి తాళం వేసుకోడు.

...

పాత ఇనుము:

భక్తుడుగారూ మీ హబ్బుల మీద నాకు గొడవ లేదు, నా దగ్గరా ఒక జత ఉంది, తిప్పినప్పుడల్లా ముచ్చటేస్తుంది. కానీ గేర్ల దగ్గరకొస్తే నేనొప్పుకోను. నువోవో రికార్డ్ ఇటలీ రేసర్ల కోసం, వెనక చిన్న చిన్న పళ్ళ చక్రాలు పెట్టుకుని తొక్కేవాళ్ళ కోసం చేసింది. వెనక పెద్ద చక్రం పెట్టండి, 28 పళ్ళు దాటితే ఏడుస్తుంది. కైలాసగిరి ఎక్కాలంటే మన మోకాళ్ళకి 28 కూడా చాలదు.

సన్‌టూర్ వాళ్ళు 1964లోనే ఏం చేశారంటే, వెనక గేరులో ఉండే ఆ నాలుగు చేతుల చట్రాన్ని ఏటవాలుగా పెట్టారు. మామూలువాటిల్లో చైను పక్కకి జరుగుతుందే గానీ కిందకి దిగదు, అందుకని చిన్న చక్రం దగ్గర చైనుకీ పళ్ళకీ మధ్య చాలా ఖాళీ వచ్చేసి మారడం ఆలస్యం అవుతుంది. ఏటవాలుగా పెడితే పక్కకి జరుగుతూ కిందకి కూడా దిగుతుంది, మెట్ల మీద నుంచి దిగేవాడు రెయిలింగు పట్టుకున్నట్టు ప్రతి చక్రానికీ అంతే దూరంలో ఉంటుంది. ఇంతే కిటుకు. పేటెంటు 1984 దాకా వాళ్ళ చేతిలో ఉంది కాబట్టి షిమానో అప్పటివరకూ ముట్టుకోలేదు, ఈ కుర్రాడి అరబెస్క్‌లో అది లేదు. పేటెంటు అయిపోయిన ఆ చుట్టుపక్కలే కొత్త డ్యూరా ఏస్ 7400 ఏటవాలు చట్రంతో, టిక్ టిక్ మని గేరు పడే ఏర్పాటుతో వచ్చింది. తర్వాత కాంపాన్యోలో కూడా ఆ ఏటవాలు దారికే రావలసి వచ్చింది కదండీ.

ఇంకోటి, మీ అలమరలో కాంపాన్యోలో రికార్డ్ క్రాంకు ఉంటే చేతి నుంచి 5 కొమ్మలు విడిపోయే చోట, చేతికీ పక్క కొమ్మకీ మధ్య మూలలో, బట్టతో తుడిచి భూతద్దంతో చూడండి. అక్కడ సన్నటి పగులు రావడం ఆ క్రాంకులకి బాగా తెలిసిన జబ్బు. వెంట్రుక గీతలా ఉంటుంది, మురికి అనుకుంటాం. కొంతమంది ఆ పదును మూలని సన్న ఆకురాయితో గుండ్రం చేసి పెట్టుకుంటారు. తొక్కకుండా అద్దాల వెనక పెట్టుకుంటే పర్లేదు.

...

విసెంజా భక్తుడు:

చూశాను. ఎడమ చేతి వైపు ఏం లేదు. కుడి వైపు ఒక గీత ఉంది, మురికే అనుకుంటున్నాను. రేపు పగటి వెలుతురులో చూస్తా. ఇంతకుమించి ఈ టాపిక్ మీద మాట్లాడను.

...

బేరం బాబాయ్:

హహహ. భక్తుడుగారూ అమ్మేస్తారా మరి.

...

కంచరపాలెం కుర్రోడు (3 రోజుల తర్వాత):

అందరికీ థాంక్స్ అండీ, మీరు చెప్పినట్టే చింతపండు ఆపించాను, పెద్దమ్మ అలిగింది. సబ్బునీళ్ళతో టూత్‌బ్రష్షు పట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చున్నాను, ఆ తీగల సందుల్లోంచి నల్లటి మడ్డి వస్తానే ఉంది, కింద నుంచి వెండి మొలతాడు బయటపడ్డట్టు బయటపడింది.

అక్షరాలు దొరికాయి. క్రాంకు కుడి ఎడమ రెండిటి మీదా డీ సీ. బ్రేకులు ముందూ వెనకా డీ బీ. అంటే 1979 మార్చి, ఫిబ్రవరి. మా పెదనాన్న కథ నిజమే, ఫోన్లో మా అన్నయ్యకి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కానీ వెనక గేరు మీద జీ బీ అని ఉంది, ఇది 1982 ఫిబ్రవరి కదా? ఇది బెంగుళూరు ఆయనకి చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది, వెంటనే ఇది ఒరిజినల్ సెట్టు కాదు ఎవరో పార్టు మార్చేశారు 5 వేలకి మించి ఇవ్వను అన్నాడు. 1979 లో కొన్న సైకిల్‌కి 1982 పార్టు ఎలా వస్తుంది? పెదనాన్న తెచ్చింది కాక ఇంకెవరైనా ఇక్కడ బిగించారా, అప్పట్లో వైజాగ్‌లో ఇవి దొరికేవా?

...

గ్రీజు చేతులు (అల్లిపురం):

82 లో వైజాగ్‌లోనా? అప్పుడు మా నాన్న షాపు. కొత్త రకం సైకిలు ఏదైనా అట్టుకొస్తేనే జనం మూగీవోరు. ఈ రకం ముక్క ఇక్కడ ఎవడి దగ్గరా లేదు, అది ఓడ మీదే వచ్చుంటాది. ఒక పని చెయ్యి, ఫ్రేములో వెనక గేరు బిగించే చెవి ఉంటాది కదా, ఎనక నించుని సూడు, చక్రానికి తిన్నగా ఉందా లోపలికి వంగిందా. వంగి మళ్ళీ తిన్నగా చేసిన గుర్తులుంటే బండి కుడి పక్కకి పడిందని అర్థం.

...

పాత ఇనుము:

అదే చెప్పబోతున్నా. 5 వేలు అన్నవాడితో బేరం ఆపెయ్. గేరు అదే మోడల్, అదే చెక్కడం, 3 ఏళ్ళు చిన్నది అంతే, తెలిసిన సేకరణదారుడు దానికి 3 వేలు తగ్గించడు, తగ్గించే సాకు దొరికింది కాబట్టి తగ్గించాడు. అక్షరాలు చెప్పడం తప్పేం కాదు, దాచి అమ్మితే అది తప్పు. మీ పెద్దమ్మగారి అలక తీర్చి అడుగు, ఆవిడకి తెలిసే ఉంటుంది.

...

కంచరపాలెం కుర్రోడు (నిన్న):

వెనక చెవి చూశాను. పెయింటు కింద పట్టకారుతో పట్టిన పళ్ళ గుర్తులున్నాయి, 3 వరసలు, స్పష్టంగా.

పెద్దమ్మని అడిగితే మొదట ఏమో నాకేం తెలుసు అంది. తర్వాత పప్పు తాలింపు పెడుతూ తనే మొదలెట్టింది. మా అక్క కడుపులో ఉందంట అప్పుడు, 81 వానాకాలం. పెదనాన్న సెలవు మీద ఇంట్లో ఉండి పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా సింహాచలం కొండ తొక్కుకుంటూ ఎక్కారంట, ఎక్కేటప్పుడు బాగానే ఎక్కారు, దిగేటప్పుడు తడి రోడ్డు మీద ఒక మేక అడ్డం వచ్చింది. కుడి మోచెయ్యి, కుడి తొడ, ఆ గేరు ముక్క, మూడూ పోయాయి. లారీలో సైకిల్ వేసుకుని వచ్చారు, గుమ్మంలో నించుని "దర్శనం బాగా అయింది" అన్నారంట. పెద్దమ్మ ఆరోజు నుంచి సైకిల్‌కి తాళం వేసేసింది. ఆయన మళ్ళీ డ్యూటీ ఎక్కి తర్వాతి వేసవిలో వచ్చినప్పుడు అక్క పుట్టిందని అందరికీ ఏవేవో తెచ్చారు, ఆవిడకి చీర, అక్కకి బొమ్మ, చొక్కా జేబులో కాగితంలో చుట్టి ఇదొకటి. "నాకు తెచ్చిన చీరకంటే దాన్నే జాగ్రత్తగా తీశారు" అంది. ఇంకా కోపమే.

సరే పాతది ఏమైంది అని అడిగాను, పారేశారా అని. లేచెళ్ళి తన బిస్కెట్ల డబ్బా తెచ్చింది, గుండీలు దారాలు పెట్టుకునేది, మా అందరికీ తెలుసు ఆ డబ్బా, చిన్నప్పుడు బిస్కెట్లుంటాయని తీసి తిట్లు తిన్నాం. అడుగున ఉంది. చట్రం విరిగి రెండు ముక్కలు, కింద చిన్న చక్రం ఒకటి లేదు, దాంతో అక్కా నేనూ బొంగరం ఆడుకున్నామంట, నాకు గుర్తులేదు. లోపలి వైపు గోరుతో గీకితే డీ బీ.

బెంగుళూరు ఆయనకి వద్దండీ అని చెప్పాను. ఈసారి 11 వేలు అన్నాడు.

సీటు కడ్డీ ఇంకా రాలేదు, ఐసు పెట్టాను, తెల్ల పిండి మాత్రం బాగా రాలింది. ఇరుసు తీయకుండా అమ్మోనియా పొయ్యొచ్చా? గ్రీజు చేతులు గారూ ఆదివారం షాపు తెరుస్తారా, చక్రం, క్రాంకు, డబ్బా అన్నీ పట్టుకుని వస్తాను. పెద్దమ్మ కూడా వస్తానంటోంది, ఆ గేరు మళ్ళీ ఎలా కదులుతుందో చూడాలంట.

...

గ్రీజు చేతులు (అల్లిపురం):

ఇరుసు తియ్యకుండా పొయ్యకు, గ్రీజు మొత్తం కడిగేసి గోళీలు పాడవుతాయి. ఆదివారం 11 దాకా ఉంటాను. పెద్దమ్మగారికి కుర్చీ ఏస్తాను, అమ్మోనియా మాత్రం నువ్వు తెచ్చుకో.

...

విసెంజా భక్తుడు:

మురికి కాదు. పగులే. ఆదివారం నేనూ వస్తున్నాను, ఆకురాయి ఉందా మీ దగ్గర?